గట్టు మీద ఎవరున్నారు?

పరీక్షలు ముగిసి ఎండలు ముదిరేసరికి క్లాస్ వాట్సాప్ గ్రూపుల్లో పూల్ పార్టీ ఆహ్వానాలు మొదలవుతున్నాయి. పుట్టినరోజు ఇప్పుడు ఫంక్షన్ హాల్లో కాదు, పిజ్జా షాపులో కాదు, నీళ్ల దగ్గర. హైదరాబాద్‌లో అయితే శంకర్‌పల్లి, మొయినాబాద్, శామీర్‌పేట వైపు ఒక రోజుకు అద్దెకు తీసుకున్న ఫామ్‌హౌస్. లేదంటే మనం ఉండే గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్ పూల్. సొంత ఇంటి వెనుక చిన్న పూల్ కట్టించుకున్న కుటుంబాలు కూడా ఇప్పుడు మన మధ్య కొన్ని ఉన్నాయి.

పిల్లలకు ఇంతకంటే సంబరం ఉండదు. ఏడాదంతా స్లిప్ టెస్టులు, హోంవర్కులు, ట్యూషన్లతో గడిపిన పిల్లలు రెండు మూడు గంటలు నీళ్లలో కేరింతలు కొడితే చూసే మనకు కూడా ప్రాణం లేచొస్తుంది. కాబట్టి ఇది పూల్ పార్టీలు మానేయమని రాస్తున్న వ్యాసం కాదు. నా అభ్యంతరమల్లా మనం వాటిని ప్లాన్ చేసే వరుస మీదే.

మన లిస్టు ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. కేక్ ఏ థీమ్, బెలూన్ల ఆర్చ్ ఏ రంగు, రిటర్న్ గిఫ్ట్ ఎంతలో, ఫొటోగ్రాఫర్ ఎవరు, బిర్యానీ ఎన్ని ప్లేట్లు, పెద్దవాళ్లకు కుర్చీలు ఎన్ని. ఈ లిస్టులో చాలాసార్లు కనిపించని ప్రశ్న ఒకటుంది: పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపు గట్టు మీద కూర్చుని వాళ్లనే చూస్తూ ఉండేది ఎవరు? నన్నడిగితే లిస్టులో మొదటి గీత మీద రాయాల్సింది ఆ పేరే. ఆ పేరు రాయలేకపోతే కేక్ ఆర్డర్ ఇవ్వకూడదు.

బావి గట్టు నేర్పిన పద్ధతి

మన తాతల తరంలో చాలామంది ఈత నేర్చుకున్నది ఊరి బావిలోనో, కాలువలోనో. నడుముకు ఎండు సొరకాయ బుర్రలో, బెండో కట్టి నీళ్లలోకి దింపేవారు. గట్టు మీద మేనమామో, పెదనాన్నో, ఈత బాగా వచ్చిన ఊరి పెద్దో ఉండేవారు. పిల్ల గుటకలు మింగుతుంటే దూకడానికి సిద్ధంగా ఉండడమే ఆ పూటకు ఆయన పని.

ఆ రోజులన్నీ బంగారమని చెప్పడం లేదు. బావులూ చెరువులూ కాలువలూ ఎన్నో ఇళ్లలో దీపాలు ఆర్పాయి. ఇప్పటికీ ప్రతి వేసవిలో జిల్లా పేజీల్లో అలాంటి వార్తలు చదువుతూనే ఉన్నాం. కానీ నీటిని చూస్తే ఆ తరానికి ఉన్న భయం, ఆ భయంలోంచి పుట్టిన జాగ్రత్త మనకు తగ్గాయి. స్విమ్మింగ్ పూల్ చూడడానికి అమాయకంగా ఉంటుంది. నీలం టైల్స్, స్టీలు మెట్లు, తేటగా మెరిసే నీళ్లు. ‘నాలుగడుగులే కదా’ అనుకుంటాం. అయిదేళ్ల పిల్ల ఎత్తు సుమారు మూడున్నర అడుగులు. మనకు నడుము దాటే నీళ్లు ఆ పిల్లకు తల మునిగే నీళ్లు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్లలోపు పిల్లలు. 5 నుంచి 14 ఏళ్ల పిల్లల మరణాలకు ప్రధాన కారణాల్లో ఇది మూడో స్థానంలో ఉంది. ఈ విషయం మీద దృష్టి పెట్టడానికే ఐక్యరాజ్య సమితి ఏటా జూలై 25ను నీట మునక నివారణ దినంగా 2021లో ప్రకటించింది.

మునిగే పిల్ల అరవదు

సినిమాల్లో నీళ్లలో మునిగే మనిషి చేతులు ఊపుతాడు, ‘కాపాడండి’ అని కేకలు వేస్తాడు. నిజంగా మునిగే పిల్లలు చాలావరకు అలా చేయలేరు. నోరు నీటి మట్టానికి పైకీ కిందికీ అవుతుంటే ఊపిరి పీల్చుకోవడానికే సమయం చాలదు, ఇక అరిచేదెక్కడ? చేతులు తమంతట తామే పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతాయి తప్ప పైకెత్తి ఊపడం కుదరదు. తల వెనక్కి వాలుతుంది, కళ్లు శూన్యంగా చూస్తాయి, కాళ్లు కదలవు, మనిషి నీళ్లలో నిలువుగా ఉంటాడు. దూరం నుంచి చూసేవారికి పిల్లవాడు ఆడుకుంటున్నట్టే అనిపిస్తుంది. ఈ స్థితి నుంచి పూర్తిగా మునిగిపోవడానికి ఒక నిమిషం కూడా పట్టకపోవచ్చు. ప్రాణవాయువు అందకుండా నాలుగైదు నిమిషాలు గడిస్తే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

అంటే, ‘ఏదైనా అయితే అరుపు వినిపిస్తుంది కదా’ అన్న మన ధీమాకు ఆధారం లేదు. డీజే పాటల మధ్య, పాతిక మంది పిల్లల కేకల మధ్య మనం పట్టించుకోవాల్సింది మౌనంగా ఉన్న పిల్లనే. ఆ మౌనం చెవికి అందదు, కంటికే అందుతుంది. అందుకే చూసే మనిషి కావాలి.

మంది ఎక్కువైతే మజ్జిగ పలచన

‘ఇంతమంది పెద్దవాళ్లం ఉన్నాం, భయమేముంది?’ అనేది పూల్ పార్టీలో తరచూ వినిపించే మాట. ఇరవై మంది పెద్దలున్న చోట ప్రతి ఒక్కరూ మిగతా పందొమ్మిది మంది చూస్తున్నారనే అనుకుంటారు. మంది ఎక్కువైతే మజ్జిగే కాదు, జాగ్రత్త కూడా పలచనవుతుంది. అందరి బాధ్యత అన్నది చివరికి ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది.

దీనికి ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. ఒక ఎర్ర టోపీ, మెడలో వేసుకునే ఒక విజిల్. ఆ టోపీ పెట్టుకున్నవారు ఆ సమయానికి నీటి కాపలా. చేతిలో ఫోన్ ఉండదు, ప్లేటు ఉండదు, పక్కవారితో కబుర్లు ఉండవు. కళ్లు నీళ్ల మీదే. పదిహేను ఇరవై నిమిషాలకు మించి ఎవరి దృష్టీ అంత నిలకడగా ఉండదు కాబట్టి ఆ తర్వాత టోపీ చేతులు మారాలి. ‘బావా, టోపీ ఇప్పుడు నీది’ అని నోటితో చెప్పి, ‘సరే’ అన్నాకే మొదటివారు లేవాలి. కాపలా ఉన్నవారికి ఈత వచ్చి ఉండాలి. పూల్ పెద్దదైతే రెండు వైపులా ఇద్దరు కావాలి. ఈత రాని చిన్నపిల్లల పక్కన మాత్రం గట్టు కాపలా చాలదు. చేయి చాస్తే అందే దూరంలో ఒక పెద్ద మనిషి నీళ్లలోనే ఉండాలి.

ఇక్కడ రెండు విషయాలు కాస్త నిర్మొహమాటంగా చెప్పాలి.

ఒకటి, ఈ కాపలాను మన ఇంట్లో పనిచేసే అమ్మాయికో, డ్రైవర్‌కో, ఫామ్‌హౌస్ వాచ్‌మన్‌కో అప్పగించి మనం భోజనాలకు కూర్చోకూడదు. ఆ అమ్మాయికి ఈత రాకపోవచ్చు. ‘బాబూ, బయటికి రా’ అని యజమాని బిడ్డను గట్టిగా అనే చనువు ఆమెకు ఉండకపోవచ్చు. జరగరానిది జరిగితే నింద మాత్రం ఆమె మీదే పడుతుంది. ఇది ఆమెకు అన్యాయం, పిల్లలకు అపాయం. అలాగే ఆ తోటలో కాపురముండే కుటుంబం పిల్లలు కూడా పూల్ చుట్టూ తిరుగుతుంటారు. మన లెక్కలో వాళ్లు కూడా ఉండాలి.

రెండు, పిల్లల పార్టీలో పెద్దవాళ్ల మందు. ఫామ్‌హౌస్ అనగానే మగవాళ్లకు ఒక పక్క బల్ల వేయడం కొన్నిచోట్ల అలవాటైంది. కనీసం పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపైనా అది ఉండకూడదని నా అభిప్రాయం. తాగినవారు కాపలా ఉండలేరు, అవసరమైతే దూకలేరు, ఆసుపత్రికి కారు నడపలేరు.

అడ్వాన్స్ ఇచ్చే ముందు

ఫామ్‌హౌస్‌ను ఫొటోలు చూసి బుక్ చేయకండి. ఒకసారి వెళ్లి పూల్ చుట్టూ నడవండి. చూడాల్సినవి ఇవి:

- లోతు అంకెలు గట్టు మీద రాసి ఉన్నాయా? లోతు తక్కువ వైపునూ ఎక్కువ వైపునూ వేరు చేసే తాడు ఉందా?
- నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే, లోతైన చోట అడుగునున్న జాలీ స్పష్టంగా కనిపిస్తోందా? కనిపించకపోతే అక్కడ మునిగిన పిల్ల కూడా కనిపించదు.
- ఆ జాలీ మూత గట్టిగా బిగించి ఉందా? నీటిని లాగే చోట మూత విరిగినా, ఊడినా పిల్లల జుట్టో చేయో ఇరుక్కుపోతుంది. అలాంటి చోట ఎవరినీ దింపకూడదు.
- నీళ్లను ఎప్పుడు పరీక్షించారు? పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య, క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం మధ్య ఉంటే మంచిది. ఘాటైన వాసన శుభ్రతకు గుర్తు కాదు. చెమట, మూత్రం వంటివి క్లోరిన్‌తో కలిసినప్పుడు వచ్చే వాసన అది.
- లైఫ్ రింగ్, పొడవాటి గెడకర్ర గట్టు మీద అందుబాటులో ఉన్నాయా?
- పూల్ చుట్టూ కంచె, గేటు ఉన్నాయా? పార్టీ ముగిశాక ఎవరు తాళం వేస్తారు?
- దగ్గరలో పిల్లల డాక్టర్ ఉన్న ఆసుపత్రి ఎంత దూరం? ఫోన్ సిగ్నల్ ఉందా? 108కు చెప్పడానికి ఊరి పేరు, దారి గుర్తులు మనకు తెలుసా?

స్పీకర్లు, సీరియల్ లైట్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు పూల్‌కు దూరంగా ఉండాలి. తడి కాళ్లు తిరిగే చోట వైర్లు ఉండకూడదు. గాజు సీసాలు, గాజు గ్లాసులు గట్టు మీదికి రాకూడదు. పగిలిన గాజు నీళ్లలో కనిపించదు.

ఆహ్వానంలో నాలుగు మాటలు

‘పూల్ పార్టీ, తప్పక రండి’ అని పంపితే చాలదు. పూల్ లోతెంత, కాపలా ఎవరు, నీళ్లలో ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు అనేవి రాయండి. మీ పిల్లకు ఈత వచ్చా రాదా, మూర్ఛ, ఆస్తమా, చెవి ఇబ్బంది లాంటివేమైనా ఉన్నాయా అని విడిగా మెసేజ్‌లో అడగండి, గ్రూప్‌లో కాదు. మూడు నాలుగు రోజుల లోపు విరేచనాలైన పిల్లలను నీళ్లలోకి పంపవద్దని ముందే చెప్పండి.

నీళ్లలోకి దిగాలని లేని పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. భయపడేవారు, నెలసరిలో ఉన్న పెద్ద క్లాసుల అమ్మాయిలు, నలుగురిలో స్విమ్మింగ్ కాస్ట్యూమ్ వేసుకోవడానికి సిగ్గుపడేవారు. వారికి నీడలో క్యారమ్స్ బోర్డో, షటిల్ బ్యాట్లో ఉంటే ఎవరూ వెలితిగా కూర్చోరు. ఒంటిని కప్పే ఫుల్ స్లీవ్ కాస్ట్యూములు దొరుకుతాయని, అవి కూడా చక్కగా ఉంటాయని రాయండి. కాటన్ చుడీదార్లు, జీన్స్ మాత్రం వద్దు. అవి తడిస్తే బరువెక్కి పిల్లను కిందికి లాగుతాయి. నీలం, తెలుపు కాస్ట్యూములు నీళ్లలో కలిసిపోతాయి కాబట్టి నారింజ, ముదురు గులాబీ లాంటి కొట్టొచ్చే రంగులు మంచివి. చేతులకు తొడిగే గాలి ఫ్లోటీలు ఆటబొమ్మలే. వాటిని లైఫ్ జాకెట్లుగా లెక్కించకూడదు.

ఎంతమందిని పిలవాలి? హాల్ ఎంత పెద్దదని కాదు, మన దగ్గర కాపలాకు ఎన్ని జతల కళ్లున్నాయని చూసి పిలవాలి. క్లాసు మొత్తాన్ని పిలవకపోతే బాగుండదనిపిస్తే కేక్, చాక్లెట్లు స్కూల్లో పంచి, పూల్‌కు పది పన్నెండు మందిని పిలవడం మేలు. ఖర్చు కూడా తగ్గుతుంది.

ఆ రోజు

ఏప్రిల్, మే ఎండల్లో ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా మంచి సమయం. గట్టు రాళ్లు కాలవు, వెలుతురు బాగుంటుంది, పెద్దవాళ్లు అలసిపోయి ఉండరు. సాయంత్రం పెడితే చీకటి పడేలోపు నీళ్లు ఖాళీ కావాలి. వేసవిలో సాయంత్రాలు ఉన్నట్టుండి ఉరుములు మొదలవుతాయి. మొదటి ఉరుముకే అందరూ బయటికి రావాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ దిగకూడదు.

దిగే ముందు పిల్లలకు రెండు నిమిషాల మాట చెప్పండి. పరుగెత్తవద్దు, నెట్టవద్దు, లోతు తక్కువ చోట తలకిందులుగా దూకవద్దు. ‘ఎవరు ఎక్కువసేపు ఊపిరి బిగబడతారు’ అనే పందెం అసలే వద్దు. ఈత బాగా వచ్చినవారు కూడా ఆ పందెంలో స్పృహ తప్పి మునిగిపోతారు. పిల్లలను జంటలుగా విడదీయండి. పది నిమిషాలకోసారి విజిల్ వేస్తే ప్రతి జంటా చేతులు కలిపి పైకెత్తాలి. స్కౌట్స్‌లో ఎన్నో ఏళ్లుగా ఉన్న పద్ధతి ఇది. పిల్లలకు ఇదీ ఆటలాగే ఉంటుంది, మనకు లెక్క తేలుతుంది.

కాపలా సడలిపోయే సమయం కేక్ కోసే సమయమే. ఫొటోలకు అందరూ బల్ల చుట్టూ మూగుతారు, నీళ్ల వైపు వీపులుంటాయి. కాబట్టి ముందు పిల్లలందరినీ బయటికి తీసి, లెక్కపెట్టి, గేటు మూసి, ఆ తర్వాతే కేక్, భోజనాలు. తిన్నాక మళ్లీ నీళ్లలోకి వద్దు. ఇక తడిసిన బట్టల్లో ఉన్న పిల్లల ఫొటోలను వాళ్ల తల్లిదండ్రులను అడగకుండా గ్రూపుల్లో, స్టేటస్‌లో పెట్టకండి.

ప్రమాదం జరిగితే

పిల్లను బయటికి తీశాక తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన దగ్గర ఇంకా చూస్తుంటాం. అలా చేయకూడదు, విలువైన క్షణాలు వృథా అవుతాయి. ఒకరు 108కు ఫోన్ చేస్తుండగా ఇంకొకరు పిల్ల ఊపిరి తీస్తోందో లేదో చూడాలి. తీయకపోతే వెంటనే నోటి ద్వారా శ్వాస అందించి, తర్వాత 30 సార్లు ఛాతీ నొక్కి 2 సార్లు శ్వాస ఇస్తూ అంబులెన్స్ వచ్చేదాకా కొనసాగించాలి. ఇది చదివితే వచ్చేది కాదు, చేతులతో ఒకసారి సాధన చేయాలి. మన స్కూల్లో తల్లిదండ్రుల కోసం ఏటా వేసవి సెలవులకు ముందు ఒక సీపీఆర్ శిక్షణ పెట్టాలని ఈ పేజీ ద్వారా యాజమాన్యాన్ని కోరుతున్నాను. ఊపిరి అందక ఉక్కిరిబిక్కిరై, తర్వాత కోలుకున్నట్టు కనిపించే పిల్లను కూడా డాక్టర్‌కు చూపించాలి.

అమెరికా బంధువుల ఇళ్లలో

సెలవులకు టెక్సాస్‌లోనో, ఫ్లోరిడాలోనో ఉన్న తమ్ముడి ఇంటికి, వదిన ఇంటికి వెళ్లే కుటుంబాలు మనలో తక్కువేం కాదు. అక్కడ ఇంటి వెనుక పెరట్లో పూల్ ఉండడం మామూలు విషయం. ఆ దేశంలో 1 నుంచి 4 ఏళ్ల పిల్లల మరణాలకు మొదటి కారణం నీట మునకే. చాలాసార్లు అది పార్టీలో జరగదు. పెద్దవాళ్లు వంటింట్లో ఉండగా వెనుక తలుపు తీసుకుని చిన్నపిల్ల బయటికి వెళ్లినప్పుడు జరుగుతుంది. అందుకే పూల్‌కు నాలుగు వైపులా కంచె, దానంతటదే మూసుకుని గడియ పడే గేటు ఉండాలంటారు. ఏడేళ్ల వర్జీనియా గ్రీమ్ బేకర్ 2002లో నీటిని లాగే జాలీకి అతుక్కుపోయి చనిపోయింది. ఆ పాప పేరుతోనే 2007లో అమెరికా పూల్ భద్రతా చట్టం చేసింది. వెళ్లిన రోజే, సామాన్లు దించకముందే, వెనుక తలుపు గడియ ఎంత ఎత్తులో ఉందో చూడండి.

వద్దనడం జవాబు కాదు, మొహమాటం అసలే కాదు

ఇవన్నీ చదివాక ‘ఎందుకొచ్చిన గొడవ, పిల్లను పంపకపోతే సరి’ అనిపించవచ్చు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ మన నేల చెరువులు, కాలువలు, సముద్ర తీరం ఉన్న నేల. నీళ్లకు దూరంగా పెంచిన పిల్లవాడు పంతొమ్మిదో ఏట కాలేజీ స్నేహితులతో ఏదో జలపాతానికి వెళతాడు. అప్పుడు గట్టు మీద మనం ఉండం. కాబట్టి ఈత నేర్పించాలి. ఐఐటీ ఫౌండేషన్ క్లాసులకు దొరికే సమయంలో ఒక్క వేసవి ఈతకు దొరకదా?

పిల్లలను పంపే తల్లిదండ్రులకు అసలు అడ్డంకి మొహమాటం. ‘కాపలా ఎవరుంటారని అడిగితే ఏమనుకుంటారో’ అని ఆగిపోతాం. ట్రాన్స్‌పోర్ట్ ఫీజులో యాభై రూపాయల తేడా వస్తే ఆఫీసుకు ఫోన్ చేసే మనం, మన బిడ్డ ప్రాణం గురించి అడగడానికి జంకుతాం. పిలిచినవారిని అవమానించినట్టు కాదది. ‘వదినగారూ, పార్టీ చాలా సంతోషం. నీళ్ల దగ్గర ఎవరుంటున్నారు? కావాలంటే ఒక ఇరవై నిమిషాలు నేను ఉంటాను’ అని చూడండి. అది అడిగినట్టూ ఉంటుంది, సాయం చేసినట్టూ ఉంటుంది. జవాబు సరిగ్గా రాకపోతే, ‘మా వాడు కేక్ టైమ్‌కు వస్తాడు’ అని చెప్పే హక్కు మీకుంది.

పార్టీ చేసేవారికీ ఒక మాట. ఎవరైనా అలా అడిగితే నొచ్చుకోకండి. వారు మీ మర్యాదను శంకించడం లేదు, మీ బరువును పంచుకుంటున్నారు. ఈ వేసవి నుంచి మన క్లాస్ గ్రూపుల్లో వచ్చే ప్రతి పూల్ పార్టీ ఆహ్వానం కిందా ఒక గీత అదనంగా ఉండాలని కోరుకుంటున్నాను: ‘గట్టు మీద ఉండేది’ అని, దాని పక్కన ఒక పేరు.